ఎం.హెచ్. అంటే మహారాష్ట్ర కాదు

కాన్సస్ సిటీ నుంచి బెంటన్‌విల్‌కి బస్సులోనే వెళ్దామన్నది నా పట్టుదల. నేను దిగిన ఇల్లు మా మేనకోడలు శిరీషది. "కార్ ఉండగా బస్ ఏంటి మామయ్యా? డైరీలో రాసుకోవడానికా?" అంది. నిజానికి అందుకే. అక్కడి మ్యూజియం తనూ చూడలేదు గనక శుక్రవారం సెలవు పెట్టి నాతో వచ్చింది.

ఉదయం 8.20కి బస్సు కదిలింది. సగం సీట్లు ఖాళీ. మా పక్క వరుసలో పాతికేళ్ళ అమ్మాయి ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని కూర్చుంది. ముప్పై ఆరేళ్ళు పోస్టాఫీసులో పనిచేశాను, అడ్రసు కనబడితే చదవకుండా ఉండలేను. ఊరు మజురో, పక్కన ఎం.హెచ్., ఆపైన ఏవో ఐదంకెలు.

"మహారాష్ట్రలో మీవాళ్ళున్నారా అమ్మా?" అని ఇంగ్లీషులో అడిగాను.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "మార్షల్ ఐలాండ్స్. పసిఫిక్‌లో. మా అమ్మకి పంపుతున్నాను." పేరు రోజ్లిన్ అని చెప్పింది.

ఆ ఐదంకెలు అమెరికా జిప్‌కోడ్ అని అప్పుడు గమనించి, డైరీలో 'అమెరికా దీవి అమ్మాయి' అని రాసుకున్నాను. పైగా అదే మాట ఆమెతోనూ అన్నాను.

"అందరూ అదే అంటారు. టపా వాళ్ళది, దేశం మాది. మా ప్రెసిడెంట్ మాకున్నాడు," అంది.

10.50కి జాప్లిన్‌లో పావుగంట ఆగాం. శిరీష తెచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం. అప్పుడు చెప్పింది రోజ్లిన్. బెంటన్‌విల్ దాటాక వచ్చే స్ప్రింగ్‌డేల్‌లో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో ఉద్యోగం వచ్చిందట. గ్రీన్‌కార్డ్ తెమ్మంటున్నారట. కాన్సస్ సిటీలో అక్క దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్ట్ తీసుకుని వెళ్తోంది. ఇవాళ మూడింటిలోగా వాళ్ళని ఒప్పించలేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"మరి ఏ వీసా మీద ఉన్నారు?" అని అడిగింది శిరీష.

"వీసా లేదు. అక్కర్లేదు."

హెచ్-1బీ మీద తొమ్మిదేళ్ళుగా ఉంటున్న శిరీషకి ఆ మాట మింగుడుపడలేదు. "ఓవర్‌స్టే కేసులా ఉంది మామయ్యా, మనం ఇన్వాల్వ్ కావద్దు," అంది తెలుగులో.

"భాష తెలియకపోయినా, ఆ చూపు నాకు తెలుసు. ఆ ఆఫీసులోనూ ఇలాగే చూశారు," అంది రోజ్లిన్. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉందనీ, దాని ప్రకారం తమవాళ్ళు వీసా లేకుండా వచ్చి ఇక్కడ ఉండొచ్చు, పనిచేయొచ్చనీ చెప్పింది. ఇక్కడి పౌరులు కారు గనక ఓటు మాత్రం లేదట.

శిరీష తలవంచుకుని ఫోన్ తీసింది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు నింపే ఐ-9 ఫారం ప్రభుత్వ సైట్‌లో వెతికింది. బస్సు కదిలాక చిన్నగా అరిచింది. "ఉంది మామయ్యా! మార్షల్ ఐలాండ్స్ పాస్‌పోర్ట్, దాంతోపాటు ఐ-94 ఉంటే చాలు. మా పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఈ లైన్ నేనే టెస్ట్ చేశాను. చదివిన పాపాన పోలేదు."

అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఆ ఐ-94 కాగితం రోజ్లిన్ పాస్‌పోర్ట్‌లోనే మడిచి ఉంది. ఆమె ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. ఆ వాక్యం, ఫారం పేరు, పేజీ నంబరు టెలిగ్రాం రాసినట్టు పెద్దక్షరాల్లో డైరీలో రాసి, ఆ పేజీ చింపి ఇచ్చాను. నలభై ఏడేళ్ళ డైరీల్లో చింపిన పేజీ అదొక్కటే. శిరీష తన నంబరు రాసి, "సారీ" అంది. రోజ్లిన్ ఆ కాగితాన్ని పాస్‌పోర్ట్‌లో పెట్టుకుంది. 12.40కి మేం బెంటన్‌విల్‌లో దిగాం.

మ్యూజియం బాగుంది. ప్రవేశం ఉచితం, చూడ్డానికి మూడు గంటలు పడుతుంది. కానీ శిరీష చిత్రాలకన్నా ఫోనే ఎక్కువ చూసింది. మూడు దాటింది, నాలుగైంది. ఏ కబురూ లేదు.

మర్నాడు తిరుగు బస్సు జాప్లిన్ దాటుతుండగా మెసేజ్ వచ్చింది. శిరీష చదివి వినిపించింది: "సోమవారం నుంచి పని. అంకుల్ కాగితం చూసి వాళ్ళే సైట్ తెరిచి సరిచూసుకున్నారు. కంప్యూటర్‌లో నా దేశం దగ్గర మళ్ళీ అమెరికా అని కొట్టారు. పక్కన నిలబడి మార్పించాను."

డైరీ తెరిచాను. 'అమెరికా దీవి అమ్మాయి' చింపిన పేజీకి ముందు పేజీలో అలాగే ఉంది. మొదటి రెండు మాటలూ కొట్టేసి, పైన 'మార్షల్ ఐలాండ్స్' అని రాశాను.