గట్టుమీది ఈతగాళ్లు

మునిరత్నమ్మకు మనుషుల్ని మెచ్చుకునే అలవాటు లేదు. చిన్నవయసులోనే భర్త పోయాడు. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే బాటలో మామిడితోట, కాస్త చెరుకు మడి, ఒక పెద్ద రాతిబావి ఆమె చేతికి వచ్చాయి. అప్పుడు "ఆడమనిషి ఏం సాగు చేస్తాది" అన్నవాళ్లందరినీ ఆమె పేరు పేరునా గుర్తుపెట్టుకుంది. ఆ తరవాత వాళ్ల మళ్లు ఎండిపోవటం, వాళ్ల అల్లుళ్లు సారాయి అంగడి ముందు దొర్లటం చూస్తూ, వక్కాకు నములుతూ, ఇరవై ఏళ్లు హాయిగా గడిపింది.

అందరికన్నా ఎక్కువ వినోదం ఆమెకు సొంత మరిది పరంధామయ్య వల్ల దొరికేది. ఆయన చిత్తూరులో ప్లీడరు. తెల్లదొరలు ఉన్నన్నాళ్లూ ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పకుండా కలెక్టరు బంగళా వరండాలో చెమటలు కక్కేవాడు. స్వతంత్రం వచ్చిన మర్నాడే ఖద్దరు కట్టి, దాన్ని కట్టుకునే పుట్టినట్టు నడవటం మొదలుపెట్టాడు. ఏ సంఘం పెట్టినా అధ్యక్షుడు ఆయనే. వీణ ముట్టనివాడు సంగీత సభకు అధ్యక్షుడు, నాగలి పట్టనివాడు రైతుసభకు అధ్యక్షుడు.

నలభై ఎనిమిదో సంవత్సరం ఎండలు ముదిరే రోజుల్లో ఆయన తోటకు వచ్చాడు. వెంట ధనంజయ. చిత్తూరులోనే ఒక బడికి డ్రిల్లు మేష్టరు. మాట్లాడేటప్పుడు కూడా ఛాతీ ముందుకు పెట్టుకుని మాట్లాడే మనిషి.

"వదినా, జిల్లాకు పేరు తెచ్చే పని ఒకటి తలపెట్టినాము," అన్నాడు పరంధామయ్య నులకమంచం మీద కూర్చుని. "మద్రాసులో జిల్లాల పిల్లకాయలకు ఈత పోటీలు పెడతా ఉండారు. మనమూ యువజన ఈత సంఘం పెట్టినాము. నేను అధ్యక్షుణ్ణి, ధనంజయ కార్యదర్శి. బావి ఒకటి కావల్ల."

"మీకు ఈత వస్తాదా?"

"ఈదేది పిల్లకాయలు గదా వదినా. మేము నడిపిస్తాము."

ధనంజయ తల ఊపాడు. సంఘానికి బోర్డు రాయించటం, ముద్ర చేయించటం అప్పటికే అయిపోయింది. ఒక్క పిల్లవాడూ ఇంకా తడవలేదు.

మునిరత్నమ్మ ఒప్పుకుంది. పిల్లల మీద ప్రేమతో కాదు. పొలంలో పని తక్కువగా ఉండే ఎండాకాలంలో కూర్చున్నచోటికి ఇంత వేడుక వస్తుంటే కాదనటం ఎందుకని ఒప్పుకుంది. ఈత ఆమెకు కొత్త కాదు. సత్యవేడు దగ్గర పుట్టిల్లు. పాలపళ్లు ఊడకముందే నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి వాళ్ల నాయన బావిలోకి తోశాడు. పెళ్లయ్యాక, అందులో విధవరాలయ్యాక, ఆడది బావిలో దూకిందంటే లోకం వేరే అర్థం తీస్తుంది కనక మానేసింది. ఎప్పుడన్నా ఎద్దులతో నీళ్లు తోడే కపిల బాన తెగి నీళ్లలో పడితే మాత్రం మగవాళ్లను తోట అవతలికి పొమ్మని తానే దిగి తెచ్చేది.

వారం తిరక్కుండానే పిల్లలు వచ్చారు. వాళ్లకు శిక్షకుడుగా జయరావు అనే అతను వచ్చాడు. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అడవులగుండా నడిచి ప్రాణాలతో ఇల్లు చేరినవాడు. బక్కమనిషి. మెడలో ఈల, చేతిలో పొడుగాటి వెదురుకర్ర.

"రంగూన్లో తెల్లోళ్ల ఈతకొలనులో ఉండినాడు వదినా. మన అదృష్టం," అన్నాడు పరంధామయ్య.

మొదటి రోజు నుంచే మునిరత్నమ్మ కపిల దగ్గర పీట వేయించుకుంది. జయరావు కళ్లంలో గోనెపట్టలు పరిపించి, పిల్లల్ని వాటిమీద బోర్లా పడుకోబెట్టి, చేతులూ కాళ్లూ ఆడించమన్నాడు. కూలిమనిషి నాగులమ్మ గంప దించి నోరు తెరుచుకుని చూసింది.

"అమ్మా, ఈళ్లేం చేస్తా ఉండారు?"

"ఈదతా ఉండారు."

"నీళ్లు యాడ?"

"నీళ్లదేముండాది. ముందు అధ్యక్షుడు వచ్చి కొబ్బరికాయ కొట్టల్ల."

కొబ్బరికాయ కొట్టాక, పల్లెల్లో పుట్టి ముందే ఈత వచ్చిన పిల్లలు బావిలో దూకేవాళ్లు. రానివాళ్లు మెట్లమీద మోకాలి లోతులో నిలబడి నీళ్లు చల్లుకునేవాళ్లు. ధనంజయ అందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కటే సంగతి నేర్పాడు: ఈల ఊదనిదే ఎవడూ కదలకూడదు. పరంధామయ్య ఆదివారాలు గుర్రబ్బండిలో వచ్చి, గొడుగు కింద నిలబడి, నీటిమట్టం బాగుందని మెచ్చుకుని, మామిడిపళ్లు తిని వెళ్లేవాడు. జయరావు గట్టుమీద అటూ ఇటూ తిరుగుతూ, "తల దించు, పక్కకు తిప్పి గాలి పీల్చు," అని కర్రతో చూపించేవాడు.

కొన్నాళ్లకే మునిరత్నమ్మ కనిపెట్టింది. పాచిపట్టిన మెట్టు దిగేటప్పుడు జయరావు గోడరాయి వదలడు. పిల్లలు దూకి నీళ్లు మీద చిందితే వెనక్కి జంకుతాడు. ఎంత ఉక్కపోసినా, అందరూ పోయాక కూడా, ఆ చల్లటి నీళ్లలో ఒళ్లు తడుపుకోడు.

"ఏమప్పా జయరావూ, నువ్వెప్పుడు దిగేది?" అని ఒకరోజు అడిగింది.

"నేర్పేవాడు గట్టుమీద నుంచి సూడల్ల తల్లీ. దిగితే తప్పులు కనపడవు."

"అట్నా. దొరలు గూడా అట్లే చేస్తారా?"

అతను తల వంచుకుని పిల్లల వైపు వెళ్లిపోయాడు. ఆమెకు సంగతి రూఢి అయిపోయింది. ఈ మనిషికి ఈత రాదు. ఎవరికీ చెప్పలేదు. ఎన్నాళ్లు దాస్తాడో చూద్దామనుకుంది. రోజూ వక్కాకు తట్ట ముందు పెట్టుకుని, ఈత రాని అధ్యక్షుడు, ఈత రాని కార్యదర్శి, ఈత రాని గురువు కలిసి పిల్లల్ని ఎట్లా మద్రాసు చేరుస్తారో చూడటం ఆమెకు హరికథ కన్నా బాగుంది.

మద్రాసు పోవటానికి నెల ముందు పరంధామయ్య బావి దగ్గర ఒక ప్రదర్శన పెట్టాడు. డిప్యూటీ కలెక్టరు వచ్చాడు. బెల్లం మండీ యజమాని పందిరి వేయించి, లడ్లు పంపాడు. అందుకని ఆయన కొడుకు నారాయణను, మెట్లు దాటి ఎరగనివాణ్ణి, ధనంజయ కొత్త లాగు తొడిగించి ముందు వరసలో నిలబెట్టాడు. నారాయణ తల్లి వరదమ్మ పందిట్లో కూర్చుని మురిసిపోతూ చూస్తోంది.

పరంధామయ్య నీటిని గురించి చాలాసేపు ఉపన్యసించాడు. గంగ అన్నాడు, గోదావరి అన్నాడు, జాతి నావ అన్నాడు. తరవాత జయరావు ఈల ఊదాడు. ముందు వరస మొత్తం దూకింది. నారాయణ వెనకాడాడు. అందరూ తన్నే చూస్తున్నారని సిగ్గుపడి తానూ దూకాడు.

మిగతా తలలన్నీ పైకి తేలాయి. అతనిది తేలి, చేతులు కొట్టుకుని, మునిగిపోయింది.

జయరావు ముఖం బూడిదరంగుకు తిరిగింది. మళ్లీ ఈల ఊదాడు. ఇంకేం చెయ్యాలో తెలియనట్టు ఊదుతూనే ఉన్నాడు. ముందు దూకినవాళ్లు అది పైకి రమ్మనే ఈల అనుకుని మెట్లవైపు ఈదారు. ధనంజయ "మోకు, మోకు" అంటూ కళ్లంవైపు పరిగెత్తాడు. పరంధామయ్య డిప్యూటీ కలెక్టరుకు అడ్డంగా నిలబడి, "కంగారు పడొద్దండి, ఏమీ లేదండి," అన్నాడు. వరదమ్మ గట్టువైపు వస్తూ తూలిపడింది.

మునిరత్నమ్మ వక్కాకు ఉమ్మేసి, కుచ్చిళ్లు వెనక్కి దోపి, కపిల దూలం పక్కనుంచి దూకింది. నాలుగు నిలువుల లోతు. మొదటిసారి చేతికి పాచి తప్ప ఏమీ తగల్లేదు. పైకొచ్చి గాలి పీల్చి మళ్లీ మునిగింది. ఈసారి జుట్టు దొరికింది. మెట్లమీదికి లాగి, బోర్లించి, వీపు చరిచింది. నీళ్లు కక్కి పిల్లవాడు ఏడ్చాడు. అప్పటికి ధనంజయ మోకుతో వచ్చాడు.

ఆమె కొంగు పిండుకుంటుండగా పైన మరిది గొంతు వినిపించింది.

"ఇది గూడా మన కార్యక్రమంలో భాగమేనండి. నీళ్లల్లో పడినోళ్లను కాపాడే విధానం. మా వదినగారే స్వయంగా చూపించినారు."

డిప్యూటీ కలెక్టరు చప్పట్లు కొట్టాడు. పందిరి మొత్తం కొట్టింది.

ఆ సాయంత్రం పందిరి విప్పుతుండగా జయరావు వచ్చి వసారా ముందు నిలబడ్డాడు. ఈల మెడలో లేదు.

"అమ్మా, నాకు ఈత రాదు. రంగూన్లో ఆ కొలను దగ్గర తువ్వాళ్లు ఇచ్చే పని నాది. పదేండ్లు వాళ్లు ఈదేది చూసినా. అయ్యగారు అడిగితే కొలనులో ఉండినానని చెప్పినా. ఆయన ఇంకేమీ అడగలేదు."

"ఆ బిడ్డ పోయుంటే?"

"నా గొంతు నేనే కోసుకునేవాణ్ణి." తరవాత మెల్లగా అన్నాడు. "మీకు తెలుసు గదమ్మా. మొదట్నించీ తెలుసు. తెలిసీ ఊరకుండినారు."

మునిరత్నమ్మ పక్కనున్న వక్కాకు తట్టను అవతలికి నెట్టేసింది. పీట వేయించుకున్నది, వక్కాకు నమిలింది, నాగులమ్మతో నవ్విన నవ్వులు అన్నీ గుర్తొచ్చాయి. తువ్వాళ్లు ఇచ్చేవాడు ఒక అబద్ధం ఆడాడు. తాను ఆ అబద్ధాన్ని నాటకంలాగా చూసింది.

మర్నాడు పరంధామయ్య వచ్చాడు. వెంట ధనంజయ కూడా ఉన్నాడు. ఊళ్లో అడిగితే అంతా ముందే అనుకుని చేసిందే అని చెప్పమన్నాడు. మద్రాసు నుంచి రాగానే ఆమెకు శాలువా కప్పుతామన్నాడు.

"నీ శాలువా నా ఎద్దుకు గూడా కప్పను," అంది ఆమె. "చెప్పేది విను. ఈత రానోడు నా బావి దగ్గర పెత్తనం చేసేది లేదు. నువ్వు, ధనంజయ, జయరావు, ముగ్గురూ రేప్పొద్దున సొరబుర్రలు కట్టుకుని దిగండి. నేను నేర్పిస్తా. దిగకపోతే నిన్న జరిగింది డిప్యూటీ కలెక్టరు బంగళాకు పోయి నేనే చెప్తా."

"వదినా, నా వయసేంది, హోదా ఏంది?"

"మునిగేటప్పుడు నీళ్లు హోదా అడగవు."

పొద్దున పరంధామయ్య వచ్చాడు. ఖద్దరు పంచె మోకాళ్లపైకి కట్టి, రెండు బుర్రల మధ్య నడుము ఇరుక్కుని మెట్లు దిగుతుంటే, పిల్లలు వరసలో నిలబడి ఊపిరి బిగబట్టి చూశారు. నడుములోతు దాకా వచ్చేసరికి ఆయన మెట్టు పట్టుకుని, చన్నీళ్లు తనకు పడవని డాక్టరు చెప్పాడని గొణిగాడు. మరుసటి రోజు నుంచి రాలేదు. ధనంజయకు ఆ వారమే మదనపల్లెలో ఎవరో దూరపు బంధువు జబ్బు పడ్డాడు. మద్రాసు బండి ఎక్కే రోజు వరకు ఆ బంధువు కోలుకోలేదు.

జయరావు ఒక్కడే రోజూ దిగాడు. మొదట్లో పళ్లు టకటకలాడుతూ, ఏడుపు ముఖంతో దిగాడు. మునిరత్నమ్మ మెడలోతు నీళ్లలో నిలబడి, లోకంలో ఉన్న తిట్లన్నీ తిడుతూ అతని గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఆడది బావిలో దిగుతోందని ఎవరో అంటే, చూడ్డానికి నువ్వూ రా అని కబురు పంపింది. జయరావు పదేళ్లు చూసింది ఎక్కడికీ పోలేదు. నీళ్లంటే భయం తగ్గాక, తల దించి పక్కకు గాలి పీల్చే ఆ ఈత అతని ఒంటికి త్వరగానే పట్టింది. అప్పుడు పిల్లలకూ అది చేసి చూపించగలిగాడు.

మద్రాసుకు అందరూ కలిసి కాట్పాడి మీదుగా రైల్లో పోయారు. మునిరత్నమ్మ కూడా పోయింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. అక్కడి కొలనులో నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. బావిలో పెరిగిన పిల్లలు ఆ తేటదనానికే బెదిరారు. ఒకడు అవతలి గోడ తాకగానే పందెం అయిపోయిందనుకుని గట్టెక్కి నిలబడ్డాడు. ఇంకా ఒక సారి తిరిగి రావాలని ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పే పని ధనంజయది. పొడుగు పందెంలో గోవిందస్వామి అనే కుర్రవాడు మూడోవాడుగా వచ్చాడు. చిత్తూరు జిల్లాకు దక్కింది అదే.

ఫొటో తీశారు. నడిమధ్య కుర్చీలో పరంధామయ్య, ఒళ్లో కప్పు. పక్కన ధనంజయ, ఛాతీ. వెనక పిల్లలు. గోవిందస్వామిది సగం ముఖమే పడింది. ఆ సమయానికి జయరావు మూలన కూర్చుని చిన్నపిల్లల తలలు తుడుస్తున్నాడు. పిలవటానికి ఎవరికీ తోచలేదు. చిత్తూరు స్టేషనులో మేళం పెట్టించి, దండలు వేయించుకుని, మూడో స్థానం సాధించటం ఎంత కష్టమో పరంధామయ్య ఊరికి వివరించాడు. మునిరత్నమ్మ మేళం ఆగకముందే జట్కా ఎక్కింది.

సంఘం తరవాత కొన్నేళ్లు నడిచింది. అధ్యక్షుడు మారలేదు. ఆయన ఆదివారాలు వచ్చి మామిడిపళ్లు తినటం కూడా మారలేదు. పిల్లల్ని మాత్రం జయరావు నీళ్లలో ఉండి నేర్పాడు. మునిరత్నమ్మ కూడా ప్రతి పొద్దునా దిగింది. బోర్డు మీద ఆమె పేరు ఎవరూ రాయలేదు. రాస్తామంటే ఆమె చెరిపించేదే.

ఆ మొదటి ఏడే, వానలు మొదలైన రోజుల్లో ఒకసారి వరదమ్మ నారాయణను వెంటబెట్టుకుని తోటకు వచ్చింది.

"నీళ్లు పోసుకునేదానికి గూడా భయపడతా ఉండాడమ్మా. ఏం చేసేది తెలీక వచ్చినాను."

పిల్లవాడు తల్లి కొంగు వదలటం లేదు. మునిరత్నమ్మ వాడి చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిపించింది. కింద జయరావు నడుములోతు నీళ్లలో నిలబడి చేతులు చాచాడు.

నారాయణ ఆగిపోయాడు. "సారుకు ఈత వస్తాదా?" అని అడిగాడు.

"వస్తాది," అంది మునిరత్నమ్మ. "మొన్న మొన్ననే వచ్చింది. నీ కంటే ఎక్కువ ఏడ్చినాడు. దిగు."