ఇంకో ఇంజన్ వినాలి

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సు అడ్డరోడ్డు దగ్గర ఆగగానే, నా పక్కనున్న పెద్దాయన ఫోన్ పట్టుకుని లేచారు.

"డ్రైవర్ గారూ, కాసేపు ఇంజన్ ఆపండి. ఇంకో ఇంజన్ వినాలి."

నాకు చిరాకేసింది. ఎక్కడో కొండ మీద నడిచే చిన్న పట్టాల రైలుకి ఆయన రిటైరైన మెకానిక్కట. టూరిస్టులందరూ ఎక్కి కూర్చున్నాక దాని పాత డీజిల్ ఇంజన్ మొరాయిస్తే, అక్కడి కుర్ర మెకానిక్ ఈయనకి ఫోన్ చేశాడట.

డ్రైవర్ నవ్వి ఇంజన్ ఆపేశాడు. పెద్దాయన ఫోన్లో ఆ చప్పుడు విని, "ఎయిర్ లాకయ్యా, డీజిల్ పైపులో గాలి చేరింది. ఫిల్టర్ నట్టు వదులు చెయ్. బుడగలు పోయాక బిగించి స్టార్ట్ చెయ్" అన్నారు.

స్పీకర్లో ముందు దగ్గు, తర్వాత గర్జన, ఆపైన పొడుగాటి హారన్! బస్సంతా చప్పట్లు. మా డ్రైవరూ హారన్ మోగించాడు.

ఇప్పుడు దారిలో బస్సు ఆగితే విసుక్కోను. ఎక్కడో ఓ రైలు కదులుతోందనుకుంటాను.