రెండో చుట్టు

నదులున్న ఊళ్లలో పడవ ఒక పనిముట్టు. గోదావరి రేవుల్లో నేను చాలాకాలం తిరిగాను. అక్కడ ఎడ్లబండిని చూసినట్టే పడవనూ చూస్తారు. పడవ మీద అసలు మోజు నదులు లేనిచోటే పుడుతుందని నాకు తెలిసింది మొయినాబాద్‌లో, ఆయిల్ ఇంజన్ల మిస్త్రీ స్వామిదాసు వల్ల.

అరవై తొమ్మిది ఎండాకాలం. చేవెళ్ల నుంచి పట్నం పోయే మా బస్సును తెలంగాణ ఉద్యమం పిల్లలు మొయినాబాద్‌లో ఆపేశారు. సాయంత్రం దాకా కదలదన్నారు. నీడ కోసం రోడ్డు పక్క రేకుల షెడ్డులో దూరాను. బావుల మీది ఇంజన్లు విప్పి పడున్నాయి. వాటి నడుమ, ఉతికిన పంచె ముక్క కప్పుకుని, రెండు మూరల పడవ.

"పిల్లల ఆటబొమ్మా?" అన్నాను.

"ఆటబొమ్మ గాదన్న, పందెంది," అన్నాడు స్వామిదాసు, మొహం చిన్నబుచ్చుకుని.

పడవ కామేశం గారిది. ఆయన కోస్తా మనిషి, పట్నంలో సర్కారు ఓవర్సీరు. ఆయనా, ఇంకో పదిమందీ కలిసి ఒక క్లబ్బు పెట్టుకుని, హిమాయత్‌సాగర్‌లో అజీజ్‌నగర్ వైపు ఆదివారాలు పడవ పందేలు ఆడేవారు. పడవలో గుప్పెడంత ఇంజను. గట్టున నిలబడి చేతిలోని రేడియో డబ్బా మీట ఒకసారి నొక్కితే పడవ కుడికి, రెండుసార్లు నొక్కితే ఎడమకు. మధ్యలో తీగ లేదు, తాడు లేదు. చర్చి నుంచి నేరుగా అక్కడికి పోయి, స్వామిదాసు ఆ వింత చూస్తూ నిలబడేవాడట.

ఒకనాడు ఉండబట్టలేక అనేశాడు: "సార్, మీ పడవ నీళ్లను దున్నుతున్నది. నీళ్ల మీద ఉరకాలె."

"అయితే నువ్వే ఉరికించవోయ్! గెలిచినా ఓడినా, పందెంలో రెండో చుట్టు మీట నీ చేతికిస్తాను," అన్నాడు కామేశం.

ఆ మాట స్వామిదాసును పట్టుకుంది. పడవను షెడ్డుకు తెచ్చుకున్నాడు. రెండు నెలలు ఇంజన్లవాళ్లందరినీ తిప్పి పంపాడు. పడవ ముందు చెరో పక్క బూటులాంటి తేలిక చెక్క బిగించాడు. ఇంజనును రెండు వేళ్లు వెనక్కి జరిపాడు. పగిలిన ఇత్తడి చెంబును కోసి, పడవను నెట్టే రెక్కను ఆకురాయితో అరగదీశాడు. పడవ ఇప్పుడు ఆ రెండు చెక్కల మీదా, తోక మీదా మాత్రమే నీటిని తాకాలి.

ఇక ఇంధనం. కిరసనాయిలు, దవాఖాన కాంపౌండరు ఇచ్చిన ఈథరు, ఆముదం. ఆముదానికేం కరువు? చేవెళ్ల చుట్టూ అదే పంట. ఇంట్లో అతని భార్య కరుణమ్మ గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన నూనె తీసి ఉంచింది. పసిపిల్లల మాడుకు అంతకన్న మంచిది లేదు. స్వామిదాసు అదే పోశాడు. కాచిన ఆముదంలో చెమ్మ మిగులుతుంది. పందేనికి ముందువారం ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగింది. మళ్లీ విప్పేసరికి లోపల తుప్పు, పిస్టన్ పట్టేసింది.

"నా ఆముదంతోనే నీ ముగ్గురు పిల్లలు బతికిర్రు. నీ ఇంజన్ ఏమన్న నవాబు కొడుకా?" అంది కరుణమ్మ.

కామేశం క్లబ్బువాళ్లను బతిమాలి, పందెం జనవరి ఆఖరుకు వాయిదా వేయించాడు. ఈలోగా స్వామిదాసు ఇంజను బాగుచేసి, చేవెళ్ల పోయి చెమ్మ లేని గానుగ ఆముదం తెచ్చాడు. జనవరిలో ఉద్యమం అంటుకుంది. బస్సులు ఆగాయి. కామేశం పెళ్లాంపిల్లలతో కోస్తాకు వెళ్లిపోయాడు. రేడియో డబ్బా ఆయన సామాన్లతో పోయింది, పడవ ఇక్కడ మిగిలింది.

"ఉద్యమం మనదే అన్న, నేను గూడ జై అన్న," అన్నాడు స్వామిదాసు. "గాని ఆ ఒక్క వారం నాకు దొరకకపాయె."

"గుంజకు తాడు కట్టి తిప్పొచ్చు కదా?"

"తాడు కడితే అది మేక అయితది. పడవ గాదు."

వానలు వెళ్లాక మళ్లీ అటు వచ్చాను. షెడ్డులో పడవ పక్కన కొత్త చెక్కపెట్టె. కామేశం ఉత్తరం రాశాడట: ఇక అటు రాను, ఇక్కడ కృష్ణ ఒడ్డున క్లబ్బు పెట్టాం, పడవను రైలు పార్సిల్‌లో పంపించు.

"పంపుతావా?" అన్నాను.

"ఆయన సొమ్మే గదన్న. రేపు పొద్దుగాల." పడవ చంకన పెట్టుకుని, "రాండ్రి," అని లేచాడు.

రోడ్డుకు మొరం మట్టి తీసిన గుంట వాననీటితో నడుములోతు నిండి ఉంది. నడుమ గడ్డపార పాతి, దానికి పాత బేరింగు తొడిగి, పడవకు తాడు కట్టాడు. నేను మేక మాట ఎత్తలేదు. గట్టున కరుణమ్మ కొంగుతో నోరు మూసుకుని చూస్తోంది. ఇంజను చక్రానికి ఇంకో తాడు చుట్టి లాగితే అది గీపెట్టింది. పడవ ముక్కు లేచింది. కింద నీళ్లు లేనట్టే ఉరికింది. మొదటి చుట్టు స్వామిదాసు చేతులు కట్టుకుని చూశాడు. రెండో చుట్టుకు కుడి పిడికిలి బిగించి, బొటనవేలితో ఉత్తగాలిని నొక్కడం మొదలుపెట్టాడు. పడవ తన తాడు తిరుగుడే తిరిగింది. ఆ చుట్టు కాగానే చేయి దించేశాడు.

"గెలిచినవా ఏందయ్యా?" అంది కరుణమ్మ.

"ఉరికింది," అన్నాడు.

మర్నాడు పెట్టెలో పడవ పక్కన గానుగ ఆముదం సీసా పెట్టి, చీటీ నా చేత రాయించాడు: ఇంట్లో కాచింది పోయవద్దు సార్.

"రెండో చుట్టు సంగతి రాయనా?"

"వద్దన్న. ఆయనకు యాదుంటే ఉన్నది. రాస్తే అడిగినట్టయితది," అని మేకు మీద సుత్తి దించాడు.