చెమ్మ పీల్చిన కార్బన్లు

రూతుది మహా పట్టుదల. రాజమండ్రిలో ఓ కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి కూర్చుంది. ఆ పనేంటో వింటే నవ్వొస్తుంది. బొగ్గు ఎంత వేడికి ఎంత ఆవిరైపోతుందో లెక్క కట్టడం! బొగ్గు కరగదండీ, నాలుగు వేల డిగ్రీల దగ్గర తిన్నగా ఆవిరే. గాలి తీసేసిన గాజు పాత్రలో రెండు కార్బన్ కడ్డీల మధ్య కరెంటు మంట లేపి, మండక ముందూ మండాకా తూచి, ఆ తేడాయే ఆవిరైన బొగ్గని రాసుకునేది. కడ్డీలు తెచ్చిచ్చేది వాళ్ల నాన్న ఏసుపాదం. ఆయన సినిమా హాల్లో ఆపరేటరు. ఆ కడ్డీల వెలుగుతోనే ముప్పై ఏళ్లుగా బొమ్మ ఆడిస్తున్నాడు.

డెబ్బై తొమ్మిది ఆగస్టుకి థీసిస్ టైపు కూడా అయిపోయింది. సోమవారం గైడు జోగేశ్వరరావు గారు సంతకం పెట్టడమే తరువాయి. శనివారం మ్యాట్నీ వేళ నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి మెషిన్ రూముకెళ్లింది రూతు. బయట ముసురు. వేడెక్కిన ప్రొజెక్టరు లాంపు పెట్టె మీద కొత్త కడ్డీలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇవెందుకు నాన్నా ఇక్కడ?"

"వర్షాకాలం కదమ్మా, చెమ్మ పీల్చేస్తాయి. ఆరబెట్టకపోతే చిటపటమంటాయి. ఏ ఆపరేటరైనా చేసేదే."

రూతు క్యారేజీ కింద పెట్టేసి ఓ కడ్డీ చేతిలోకి తీసుకుంది. ఈ రెండేళ్లూ తను అట్టపెట్టెలోంచి తీసినవి తీసినట్టే తూచింది. మంటకి ఎగిరిపోయిన నీళ్ల బరువు కూడా బొగ్గుదే అనుకుంది. ఇంట్లో ఆపరేటర్ని పెట్టుకుని ఒక్కసారైనా అడగలేదు! అంత చదివిన పిల్లకి ఆపరేటర్ని ఏం అడగాలనిపిస్తుంది లెండి.

ఆ రెండ్రోజులూ అన్నం సయించలేదు. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. సోమవారం గైడు గారు పెన్ను మూత తీస్తుంటే, "ఆగండి సార్" అంది. అంతా చెప్పేసింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, "మళ్లీ మొదలెట్టమ్మా. మీ నాన్నగారిని ఓసారి లాబుకి రమ్మను" అన్నారు.

ఏసుపాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీ చివర కూచుని, కడ్డీలు ఎలా ఆరబెట్టాలో చూపించాడు. ఆరినవాటిని తూచి, మండించి, మళ్లీ తూచి అంకె రాసింది రూతు. పాత అంకె కన్నా తక్కువే వచ్చింది.

ఏసుపాదం మొహం వాడిపోయింది. "నేను ఆ మాట అనకుండా ఉంటే నీ చదువు ఈపాటికి అయిపోయేది కదమ్మా."

"అయిపోయేది నాన్నా, తప్పుతోనే అయిపోయేది." రూతు చెయ్యి చాచింది. "ఇంకో కడ్డీ ఇవ్వు."