పందెంలో కారు నడిపింది మా పెదనాయన

శనివారం మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసిన మా పెదనాయన మళ్ళీ లేవలేదు. మార్కాపురంలో మా ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు: “దొరవారి పందెం కారుకు మెకానిక్‌గా చేసినాడు గదా, పాపం.” వినీ వినీ నాకు ఒళ్ళు మండింది. ఆయన మెకానిక్ కాదు. మద్రాసులో కార్ల పందేలు మొదలైన కొత్తలో ఆ కారు నడిపింది ఆయనే. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది కూలి చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబం. మిషన్ బంగళాలో పాదిరిగారి కారు తుడిచే పనికి చేరి, పెదనాయన ఆయన దగ్గరే తోలడం నేర్చుకున్నారు. పాదిరిగారు ఇంగ్లాండుకు వెళ్ళిపోయాక పక్క ఊరి భూస్వామి పిలిచి పనిలో పెట్టుకున్నారు. ఆయన్నే అందరం దొర అంటాం. దొరకు పొలాలున్నాయి, ఓడలో తెప్పించిన రెండు సీట్ల పందెం కారుంది, దాన్ని గట్టిగా తోలే గుండె మాత్రం లేదు.

పెదనాయన ఆ కారును గిద్దలూరు దాటించి నల్లమల ఘాటులో మచ్చిక చేసుకున్నారు. “మలుపుతో కొట్లాడగూడదు బిడ్డా. దాని మాట ఇన్నట్లే ఉండి మనం పోవాల” అని నాతో అనేవారు. అన్నానికి కూర్చున్నా కుడికాలు కాస్త ముందుకు చాపుకునే ఉండేవారు. “కంచం కాడ గూడా బ్రేకు ఏందయ్యా” అని పెద్దమ్మ ఎగతాళి చేసేది. ఆయన నవ్వేసి కాలు ముడుచుకునేవారు, రెండు ముద్దలు తినేలోగా అది మళ్ళీ ముందుకొచ్చేది.

పందెంలో పేరు దొరది. పెదనాయనను పక్క సీట్లో కూర్చునే మెకానిక్ అని రాయించారు. మద్రాసు ఊరి బయట బయలుదేరి, సముద్రం ఒడ్డు దారిన ఒక ఊరి దాకా పోయి, వెళ్ళిన దారినే తిరిగి రావాలి. జనమంతా బయలుదేరే చోటే ఉంటారు; దారిలో ఆ దుమ్ములో, కళ్ళద్దాల వెనక ఎవరు తోలుతున్నారో ఎవరికీ తెలియదు. దొర స్టీరింగు పట్టుకుని, చెయ్యి ఊపి కదిలేవారు. సరుగుడు తోట దగ్గర మలుపు తిరిగి జనం కంటికి మరుగు కాగానే కారాపి ఇద్దరూ సీట్లు మారేవారు. తిరిగి వచ్చేటప్పుడు అదే తోట దగ్గర మళ్ళీ మారేవారు. ఆ దిగడం ఎక్కడంలో పోయిన టైమును కూడా పెదనాయన దారిలో రాబట్టేవారు.

వరసగా రెండేళ్ళు గెలిచారు. కప్పులు దొర హాల్లోకి చేరాయి. ఫోటోలో దొర మెడనిండా దండలు, పెదనాయన భుజం ఒక్కటీ ఓ పక్కన కనిపిస్తుంది. “బండి ఆయనది, గెలుపు గూడా ఆయనదే” అనేవారు పెదనాయన. ఆ మాట విన్నప్పుడల్లా నాకు దొర మీద కన్నా పెదనాయన మీదే ఎక్కువ కోపం వచ్చేది.

మూడో ఏడు కూడా తిరుగుదారిలో అందరికన్నా ముందే తోట దగ్గరికి వచ్చారు. అయితే వెనక కారు దుమ్ము కనబడుతోంది. “అయ్యా, ఈ ఒక్కసారికి నన్నే పోనీండి, ఎనక బండి వచ్చేస్తాంది” అని బతిమాలారట. “జనం చూస్తార్రా, దిగు” అన్నారట దొర. పెదనాయన దిగారు. దొర గేరు వేయబోతే ఇంజను ఆగిపోయింది. పెదనాయన ముందుకు దూకి హ్యాండిలు తిప్పి స్టార్టు చేసేలోగా వెనక కారు దాటిపోయింది.

షామియానా కింద పెద్దమనుషులందరి ముందూ దొర ఒక్క మాటతో తేల్చేశారు: మెకానిక్ ఇంజను సరిగ్గా చూసుకోలేదు. పెదనాయన నోరు మెదపలేదు. ఆయన్ని అక్కడే పనిలోంచి తీసేశారు. మద్రాసులో ఇంకెవరూ ఆయన్ని తమ కారు ముట్టుకోనివ్వలేదు. రైలెక్కి ఇంటికొచ్చి, జరిగింది పెద్దమ్మకు చెప్పారు, చాలా ఏళ్ళకు నాకు చెప్పారు, అంతే.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ యర్రగొండపాలెం బస్సు నడిపారు. దొరవారి కప్పు పోగొట్టినోడు ఈయనేనని బస్సులో జనం నవ్వుకుంటే, విననట్టే గేరు మార్చేవారు.

“ఇప్పుడన్నా చెప్పొచ్చు గదా పెదనాయనా” అన్నాను ఒకసారి.

“ఎవరికి చెప్పేది బిడ్డా? దొర ఒకటి చెప్పి నేనొకటి చెప్తే, నమ్మేది ఎవర్ని?”

 

ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టె లేపబోతుంటే దొర వచ్చారు. ముసలివారైపోయారు. కొత్త డ్రైవరు చెయ్యి పట్టి దింపాడు. “మా దగ్గర పనిచేసిన మనిషి. నా కార్లో తీసకపోదాం” అన్నారు.

పెద్దమ్మ ఏడుపు ఆపుకుని లేచి నిలబడింది. “వద్దయ్యా. మీ బండిలో ఆయన పక్క సీట్లో కూచునింది చాలు. మా పిల్లోళ్ళు మోస్తారు” అంది. దొర వెనక్కి తిరిగి కారెక్కారు.

సమాధుల తోటకు పోయేది రెండు పక్కలా ముళ్ళకంచె ఉన్న సన్నటి బండ్ల బాట. ఎండలో పెట్టె నెమ్మదిగా సాగింది. దొర కారు మా వెనకే మొదటి గేరులో మూలుగుతూ వచ్చింది. డ్రైవరు అలవాటు కొద్దీ ఒకసారి హారను కొట్టాడు. మోసేవాళ్ళెవరూ పక్కకు జరగలేదు. తోట గేటు దాకా పెదనాయన ముందు, దొర కారు వెనక.