నివా మసువో వేలు చూపని పెట్టె

నివా మసువో కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కవాళ్ళకి కాస్త సిగ్గుగా ఉంటుంది. తెర మీద కనిపించే ఒక్కో గుర్తుకీ చెయ్యి బారుగా చాచి, చూపుడువేలు గురిపెట్టి, పైకి చెబుతాడు: "బ్యాటరీ, సరి. వైఫై స్విచ్, వేసి ఉంది, సరి." ముప్ఫైయెనిమిదేళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసిన మనిషి. మా జపాన్‌లో రైల్వేవాళ్ళంతా ఇలాగే చేస్తారు. డ్రైవరు సిగ్నల్‌కి వేలు చూపించి చెబుతాడు, గార్డు తలుపులకి చూపించి చెబుతాడు. కన్ను చూసినదాన్ని నోరు చెప్పాలంటే మనసు బద్ధకించడానికి వీలుండదని లెక్క.

రిటైరై పదేళ్ళయింది కానీ వేలు రిటైరవలేదు. గ్యాస్ పొయ్యికి చూపిస్తాడు, తలుపు గడియకి చూపిస్తాడు, మాత్రల డబ్బాకి చూపిస్తాడు. భార్య బతికున్న రోజుల్లో ఒకసారి ఆవిడకీ చూపించాడట. "నన్ను కూడా సరి అనేశారుగా, ఇక చల్లారకముందు తినండి" అందట ఆవిడ. ఇది ఆయన నోటితోనే విన్నాం.

తకావోకాలో మా సంఘం నెలకో ఆదివారం పొద్దున పేట సమావేశమందిరంలో కూడుతుంది. "ఇది పాతబడిపోయింది, కొత్తది కొనుక్కోండి" అని కంపెనీలు చెయ్యి దులిపేసుకున్న ల్యాప్‌టాప్‌లను తెచ్చి, వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, కావలసినవాళ్ళకి ఇస్తాం. దీన్ని సేవ అనేవాళ్ళున్నారు. శీతాకాలం ఆదివారం ఇంట్లో కూర్చుంటే వాకిట్లో మంచు ఎత్తిపోయమంటారు. అంతకంటే ఇది సుఖం, అంతే.

మా సంఘంలో తెరాజిమా మాత్రం ఒప్పుకోడు. స్టేషను వెనక సోయా పాలు విరిచి తోఫు చేసి అమ్ముతాడు, ఏభై దాటాయి. లినక్స్ అంటే స్వేచ్ఛ అనీ, ఎవరి యంత్రానికి వాళ్ళే యజమానులనీ, వచ్చిన ప్రతి ముసలమ్మకీ పావుగంట ఉపన్యాసం ఇస్తాడు. ముసలమ్మలు మర్యాదగా తలూపుతారు. వాళ్ళకి కావలసింది మనవడి ఫోటో.

మహమ్మారి వచ్చిన రెండో శీతాకాలం, జనవరి సమావేశానికి కువానో సెత్సుకో వచ్చింది. ఆవిడకి అరవైతొమ్మిది. మూడంతస్తుల అపార్ట్‌మెంట్లో నడి అంతస్తు. భర్త షిగెహారుకి నవంబరులో పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. వారానికోసారి, శుక్రవారం రెండింటికి, తెర మీద పది నిమిషాలు చూపిస్తారు. నర్సు టాబ్లెట్ పట్టుకుని నిలబడుతుంది, ఇంటివాళ్ళు ఇటునుంచి మాట్లాడాలి. ఆ పది నిమిషాల కోసం వెనక వరుస పొడుగ్గా ఉంది. రెండు శుక్రవారాలు వరసగా రాకపోతే ఆ సమయం వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది, మళ్ళీ దొరికేది వసంతం వచ్చాకే. సెత్సుకో దగ్గరున్నది మడతపెట్టే పాత ఫోను. అందులో షిగెహారు గొంతు పట్టవచ్చు కానీ మొహం పట్టదు.

తెరాజిమా సిద్ధంచేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఆవిడకి ఇచ్చాం. నివా దాని ముందు కూర్చుని పదకొండు అంశాలకి వేలు చూపించాడు. మందిరం వైఫై క్షణంలో అందుకుంది. పదకొండూ సరి. ఆవిడ వంగి దణ్ణంపెట్టి, దాన్ని గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ శుక్రవారం ఒంటిగంటన్నరకి ఇంట్లో తెరిచింది. తెర మీద వైఫై పేర్ల జాబితా వచ్చింది. అందులో తన ఇంటి పేరు లేదు. రెండయింది, రెండూ పది అయింది. పది నిమిషాలూ అలాగే పోయాయి.

మర్నాడు నివాకి ఫోను చేసింది.

"నేనే ఏదో తప్పు నొక్కి ఉంటానండీ. మీకు శ్రమ ఇస్తున్నాను."

"ఏం నొక్కారు?"

"ఏమీ నొక్కలేదండీ."

"మరి తప్పెలా అవుతుంది?" అని నివా బయల్దేరాడు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే కనిపించేవి చీటీలు. షిగెహారు లిఫ్టుల మెకానిక్. తెల్లటి అంటుడు పట్టీ మీద అక్షరాలు అచ్చుకొట్టే చిన్న మిషను ఒకటి కొనుక్కుని, ఇంట్లో ప్రతిదానికీ చీటీ అంటించాడు. అన్నం కుక్కరు మీద "ముగ్గురికైతే ఈ గీత". కిటికీ మీద "ఎడమది ముందు". టీవీ పక్క అరలో లేసుగుడ్డ కప్పుకుని వైఫై పెట్టె కూర్చుని ఉంది. దాని మీద చీటీ ఏదీ కనబడలేదు.

"అది మావారు పెట్టింది," అంది సెత్సుకో. "ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు."

నివా తలవంచి, సరేనన్నాడు. రైల్వేలోనూ అంతే, ఎవరి పరిధి వారిది. అవతలి సెక్షను పెట్టెని ఆ సెక్షను మనిషి లేకుండా తెరవకూడదు.

ల్యాప్‌టాప్ తెరిస్తే చుట్టుపక్కల ఇళ్ళవి తొమ్మిది పేర్లు కనిపించాయి. కువానోవాళ్ళది లేదు. తన ఫోను తీసి చూస్తే పదో పేరుగా కువానో ఉంది, నిండుగా సిగ్నలుతో సహా. అంటే పెట్టె పనిచేస్తోంది. మరి తప్పు ల్యాప్‌టాప్‌ది. అలా అనుకోవడం ఎవరికైనా సహజమే.

నివా పద్ధతి ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పుస్తకంలో రాయాలి. పని జరక్కపోతే దాన్ని యథాస్థానంలో పెట్టి ఇంకోటి మార్చాలి. శనివారం కరెంటు పొదుపు తీసేశాడు, లాభం లేదు, మళ్ళీ పెట్టాడు. సోమవారం వైఫై చిప్పుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మార్చాడు. మంగళవారం లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌ని పాతది పెట్టి నడిపి చూశాడు. బుధవారం దాన్ని సంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. స్టేషను వేచివుండే గదిలో పట్టింది, ఆయనింట్లో పట్టింది, తెరాజిమా కొట్లో పట్టింది. ఒక్క కువానో ఇంట్లోనే పట్టదు. అత్త మంచిది, కోడలు మంచిది, ఒక కప్పు కింద మాత్రం మాటల్లేవు.

"మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కించండి నివా గారూ," అన్నాడు తెరాజిమా, తోఫు ముక్కలు నీళ్ళలోకి జారుస్తూ.

"ఎందుకు పోయిందో తెలీకుండా చెరిపితే, ఎందుకు వచ్చిందో కూడా తెలీదు."

"వస్తే చాలదా?"

"ఈ శుక్రవారానికి చాలు. పై శుక్రవారానికో?"

"పోనీ ఆవిడనే ఇక్కడికి రమ్మనండి. ఇక్కడ పడుతోందిగా. ఆ మూల కూర్చోబెడతాను."

"అడిగాను. 'తోఫు కొనేవాళ్ళ మధ్య కూర్చుని మావారి నోరు తుడవమని నర్సుకి చెప్పాలా' అంది."

 నివా ఇంటికీ రానందట. పరాయి మగవాడి ముందుగదిలో మొగుడితో మాట్లాడటం ఇంకా బావుండదంది. మందిరం తీద్దామంటే, మహమ్మారి నిబంధనల వల్ల ఆదివారాలే తీస్తున్నారు.

శుక్రవారం పదకొండింటికి నివా బూట్లకంటిన మంచు దులుపుకుని సెత్సుకో ఇంట్లోకి వచ్చాడు. టీ తాగాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొదటినుంచీ వేలు చూపించడం మొదలుపెట్టాడు. పదకొండో అంశం అయ్యాక చెయ్యి దించలేదు. చాచిన వేలు అలాగే గాల్లో తిరిగి టీవీ పక్క అర దగ్గర ఆగింది.

"కువానో గారూ, ఒక మాట. ఆ పెట్టెని నేను చూడలేదు."

"రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ."

"చూశాను. వేలు చూపలేదు."

"చూపిస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. కాకపోతే గుడ్డ తీయాలి."

సెత్సుకో కాసేపు నారింజ తొక్క వలిచింది. "మావారు కోప్పడతారేమోనండీ."

"కోప్పడాలన్నా ముందు ఆయన తెర మీదికి రావాలి కదా."

ఆవిడే లేచి గుడ్డ తీసింది. పెట్టెని రెండు చేతులతో ఎత్తి ఇటు తిప్పింది. అడుగున చీటీ ఉంది:

"ఛానెల్ 13. పై ఇంట్లో కొగురే గారి సినిమాలకి మనది అడ్డురాకుండా. 2018 జూన్ 9."

వైఫై గాల్లో వరసగా ఉండే కొన్ని దారుల్లో, అంటే ఛానెళ్ళలో, నడుస్తుంది. అపార్ట్‌మెంట్లలో అందరూ మొదటి దారుల్లోనే గుమిగూడతారు, ఒకరికొకరు అడ్డుపడతారు. మా దేశంలో చివరిది పదమూడు. ఎక్కువగా ఖాళీగా ఉంటుంది. పై ఇంటాయన సినిమా ఆగిఆగి వస్తోందని మెట్లమీద ఎవరితోనో అన్నమాట షిగెహారు చెవిన పడి ఉంటుంది. ఎవరితోనూ చెప్పకుండా తన ఇంటిదాన్ని తీసుకెళ్ళి చివర పెట్టాడు. పెట్టి చీటీ అంటించాడు. ఎవరూ చూడని చోట.

నివా చీటీకి వేలు చూపించి పైకి చదివాడు. తర్వాత నల్లటి ఆదేశాల కిటికీ తెరిచి, ఏ దేశపు నిబంధనల ప్రకారం నడుస్తున్నావని ల్యాప్‌టాప్‌ని అడిగాడు. అమెరికా అంది. అమెరికాలో పదకొండుదాకానే. ఆ పైన దారులున్నాయని కూడా అది ఒప్పుకోదు. మందిరం, స్టేషను, తోఫు కొట్టు అన్నీ పదకొండు లోపలివే కాబట్టి అక్కడ మనసారా పనిచేసింది.

నివా ఫోను చేశాడు.

"తెరాజిమా, వీటిలో దేశం ఏది పెట్టావు?"

"దేశమా? నేనేం పెట్టలేదండీ." ఒక నిమిషం నీళ్ళ చప్పుడు. "ఆగండి. సిగ్నలు బలంగా వస్తుందని ఒక ఇంగ్లిష్ పేజీలో ఉంటే, ఒక లైను ఎత్తి రాశాను."

"ఆ లైనులో ఏముంది?"

"ఇప్పుడు గుర్తుకొస్తోంది."

"ఎన్నింటిలో రాశావు?"

"పదకొండింటిలో."

"ఎవరి యంత్రానికి వాళ్ళే యజమానులన్నావు. యజమాని తన ఇల్లు ఏ దేశంలో ఉందో తెలుసుకోవద్దటయ్యా?" అని నివా పెట్టేశాడు. ఆయన జీవితంలో ఎవరినైనా ఇంతకంటే గట్టిగా తిట్టినట్టు మాకు సమాచారం లేదు.

ఒంటిగంట దాటింది. సెత్సుకో చీటీనే చూస్తోంది.

"ఆ పదమూడుని మార్చేస్తే సరిపోదా అండీ?"

"సరిపోతుంది. రెండు నిమిషాల పని."

"మరి మార్చరేం?"

"పెట్టె తప్పు చేయలేదు. తప్పు చేసినదాన్నే దిద్దాలి."

నేనైతే పెట్టెనే మార్చేవాడిని. ఒక వారం తిరిగి, గంట కూడా మిగలని చోట సిద్ధాంతాలేమిటి? కానీ అది నివా చేతిలో ఉంది. ఆయన ఆ లైను వెతికి, అమెరికా కొట్టేసి జపాన్ రాశాడు. పుస్తకంలో ఎక్కించాడు. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. పన్నెండేళ్ళ యంత్రం, లేవడానికి దాని మర్యాదలు దానికున్నాయి. ఒంటిగంటా ముప్ఫయ్యొకటికి జాబితా వచ్చింది. ఒకటి, రెండు, తొమ్మిది. ఆగింది. పది.

"కువానో, ఉంది. సరి," అన్నాడు నివా, చెయ్యి చాచి.

ఆస్పత్రి పేజీ తెరిచిపెట్టి, రెండింటికి పది నిమిషాలుండగా బూట్లు వేసుకున్నాడు. ఉండమంటే ఉండలేదు. అది ఆయన సెక్షను కాదు.

మర్యాదని మెచ్చుకుంటూ మా పేట పత్రికలో నెలకో వ్యాసం వస్తుంది. అందులో ఈ లెక్క ఎవరూ రాయరు: పై ఇంటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని భర్త, భర్త వస్తువు ముట్టుకోకూడదని భార్య, ఆవిడ మాట కాదనకూడదని నివా. ముగ్గురిలో ఏ ఒక్కరు కాస్త మోటుగా ఉన్నా శనివారమే తేలిపోయేది. ఆ మర్యాద పేరున రెండో శుక్రవారం కూడా పోయి, ఆ సమయమే చేజారడానికి అరగంట ముందుదాకా వచ్చింది.

ఫిబ్రవరి సమావేశానికి సెత్సుకో కొంబు అనే సముద్రపు నాచు చుట్టిన చేప పట్టుకొచ్చింది. అప్పటికి తెరాజిమా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లన్నీ వెనక్కి రప్పించి, ఉపన్యాసం లేకుండా, ఒక్కొక్కదానిలో దేశం దిద్దుతున్నాడు. వెనక నిలబడి నివా ప్రతిదానికీ వేలు చూపిస్తున్నాడు.

"మరి ఆ రోజు మీవారు ఏమన్నారు?" అని తెరాజిమా అడిగాడు, తల ఎత్తకుండా.

"మీ పదమూడు మూలంగా పోయిన శుక్రవారం పోయిందని చెప్పానండీ," అంది సెత్సుకో. "మాట ఇంకా కూడబలుక్కోవాలి కదా ఆయన. చాలాసేపు ఆలోచించారు. ఆలోచించి, 'కొగురే గారి సినిమా... బాగా వస్తోందా' అన్నారు."

"వస్తోందని చెప్పారా?"

"వాళ్ళు ఇల్లు ఖాళీచేసి రెండేళ్ళయింది. ఆ మాటే చెప్పాను. ఇల్లు ఖాళీగానే ఉంది, నివా గారితో చెప్పి ఆ పదమూడు తీయించెయ్యనా అన్నాను."

"అయితే?"

"'వద్దు' అన్నారు. 'ఎవరైనా వస్తారు' అన్నారు." ఆవిడ చేప పళ్ళెం మా వైపు జరిపింది. "పదిలో ఏడు నిమిషాలు దీనికే అయిపోయాయండీ. పైజామాలు ఎన్ని పంపాలో అడగనే లేదు. తర్వాతి శుక్రవారం ముందు అదే అడిగాను."