కొసరు మింగిన పేరు

ఆ రోజుల్లో పాతబస్తీలో ఎవడైనా ఒక కొత్త వస్తువు కనిపెడితే వాణ్ణి ఒంటరిగా వదిలేసేవారు కాదు. ఇంటిల్లిపాదీ, గల్లీ మొత్తం కలిసి దాన్ని బాగుచేసేవారు. బాగుచేసి బాగుచేసి, చివరికి కనిపెట్టినవాడు ఓ మూల నిలబడి తొంగిచూసే స్థితికి తెచ్చేవారు. ఇది కోపంతో అంటున్న మాటలా ఉందని మీకనిపిస్తే, అవును, కోపంతోనే అంటున్నాను. యాభై ఏళ్లు దాటినా నా కోపం చల్లారలేదు. మొత్తం విన్నాక న్యాయం ఎవరి పక్కనుందో మీరే చెప్పండి.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. లాల్ దర్వాజా దగ్గర మాకు పాల దొడ్డి ఉండేది. ఎనిమిది బర్రెలు, నాయనమ్మ, బాపు, అమ్మ, నేను. (ఈ వరుస నేను పెట్టింది కాదు, మా ఇంట్లో మర్యాదలు జరిగే వరుస.) బడిలో లెక్కల్లో నన్ను మించినవాడు లేడని పేరు. పత్తర్‌గట్టీలో పచ్చీసు గుడ్డలు అమ్మే సేటు ఒకాయన మా దగ్గరే పాలు పోయించుకునేవాడు. గళ్లు అద్దిన గుడ్డ పరుచుకుని గవ్వలతో ఆడే ఆ పచ్చీసు అంటే జనానికి అప్పట్లో ప్రాణం. ఒక పొద్దున నేను పాలు పోస్తుంటే ఆయన, "ఎన్నేండ్లు అదే ఆట బేటా, నాకే విసుగొస్తున్నది. కొత్తది ఏదన్న ఉంటే తే. దీపావళికి అద్దిస్త" అన్నాడు. "కింద నా పేరు వేస్తారా సేటుజీ" అని అడిగాను. "ఎందుకెయ్య? నీ ఆట, నీ పేరు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆరు నెలలు నిద్రాహారాలు మానేశాను. ఆట అచ్చయి, దాని కింద నా పేరు నలుగురూ చదవాలి. నాకు కావలసింది అంతే, అణా పైసా ఎక్కువ అడగలేదు.

నా స్నేహితుడు లంబూ (తాడిచెట్టంత పొడుగు, అందుకా పేరు) బొమ్మలు బాగా వేసేవాడు. ఇద్దరం రోజూ సాయంత్రం మా మిద్దె మీద కూర్చుని ఆలోచించేవాళ్లం. మొదట మలక్‌పేట గుర్రాల ఆట అనుకున్నాం. బాపు చెవిన పడింది. "గుర్రాల ముచ్చట ఇంట్ల తీస్తే కాళ్లిరగ్గొడ్త" అన్నాడు. (ఆయన జన్మలో గుర్రప్పందెం చూడలేదు. చూడకుండానే అంత కోపం తెచ్చుకోవడం మా వంశంలో ఉన్న విద్య.) తరవాత రాజు, వజీరు, కొత్వాలు, దొంగ ఆట. దానికి లంబూయే అడ్డుపడ్డాడు. "కొత్వాలు ఓడిపోతే ఎట్ల మియా? ఎవడన్న పోయి ఠాణాల చెప్తే మనల్ని తీస్కపోతరు." అయితే కొత్వాలు ఎప్పటికీ ఓడిపోని ఆట చేద్దామని వారం రోజులు కుస్తీ పట్టాం. చేశాం కూడా. అందులో దొంగగా ఉండడానికి ఎవడూ ఒప్పుకోలేదు. చివరికి ఒకనాడు కింద దొడ్లోంచి పాల బిందె చప్పుడు వినబడి నాకు బుద్ధి వచ్చింది. దొడ్డి నుంచి బయల్దేరి, గల్లీలు దాటి, ఏడు ఇళ్లలో పాలు పోసి, ముందుగా తిరిగొచ్చినవాడిది గెలుపు. దారిలో కుక్క తరిమే గడి, టాంగా అడ్డమొచ్చే గడి, బర్రె పడుకున్న గడి. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు నడవాలి. ముందు మొదలుపెట్టినవాడికీ వెనక మొదలుపెట్టినవాడికీ వీసమెత్తు తేడా రాకుండా మూడు నోటుబుక్కుల నిండా లెక్కలు కట్టాను. అంత న్యాయమైన ఆట ఈ నగరంలో మరొకటి లేదని ఇప్పటికీ నా నమ్మకం.

అందులో ఇంకో గడి ఉండేది. పాలలో నీళ్లున్నాయేమో పరీక్షించే దరోగా గడి. దాని మీద పడ్డవాడు తిరిగి దొడ్డికి పోవాలి. బాపు గుడ్లురిమి చూశాడు. "మనం నీళ్లు కలుపుతమారా?" "కలపం బాపు." "కలపనప్పుడు ఈ గడి ఏంది?" ఈ ప్రశ్నకు జవాబు ఉంది గాని, కొడుకన్నవాడు చెప్పదగ్గ జవాబు కాదు. గడి తీసేశాను.

మొదటిసారి ఆటను బొగ్గుతో ముంగిట్లో బండల మీద గీశాం. పొద్దున లేచేసరికి అమ్మ శుభ్రంగా కడిగేసి, దాని మీద చక్కటి ముగ్గు పెట్టింది. రెండోసారి పాత కాగితాలు ఒకదాని మీద ఒకటి గంజితో అంటించి అట్ట చేసి, గళ్లు గీసి, ఎండలో పెట్టాం. గంజి వాసనకు మా నల్ల బర్రె కట్టు తెంపుకుని వచ్చి ఏడు ఇళ్లనూ, గల్లీలనూ, కుక్కతో సహా నమిలేసింది. ఆ పూట అది ఓ గ్లాసు పాలు ఎక్కువిచ్చిందని బాపు వాడంతా చెప్పుకున్నాడు. నా ఆట పోయిందని ఒక్కరితో అనలేదు. మూడోసారి దుప్పటి ముక్క మీద లంబూ రంగులతో వేశాడు. తలుపులకు నీలం, కుక్క నాలుకకు ఎరుపు, కింద జానెడు చోటు వదిలి అందులో గుండ్రటి అక్షరాలతో నా పేరు. ఆ పేరును నేను రోజుకు ఎన్నిసార్లు చూసుకునేవాణ్ణో చెబితే నవ్వుతారు, చెప్పను.

అప్పుడు నాయనమ్మ వచ్చి కూర్చుంది. గవ్వలు వేసింది. మూడు పడ్డాయి. మూడు గళ్లు నడిపి, చెయ్యి చాచి, "కొసరేది?" అంది.

"కొసరు లేదు నాయనమ్మా. ఇది లెక్క."

"లెక్క అయినంక ఇచ్చేదే కొసరు. కొసరు పొయ్యనోని దగ్గర ఎవడు పాలు కొంటడురా?"

కొలిచాక పైన పోసే ఆ కాసిని పాలు మా నాయనమ్మ దృష్టిలో దయ కాదు, ధర్మం. అది లేని కొలత ఆమె బుర్రకు ఎక్కదు. వక్కల సంచిలోంచి ఒక చిట్టి గవ్వ తీసి, అక్కడికక్కడే శాసనం చేసింది. గవ్వలు వేసినవాడు పావు జరిపేలోగా 'కొసరు' అని అడగాలి. అడిగితే ఎదుటివాడు చిట్టి గవ్వ వెయ్యాలి. వెల్లకిలా పడితే ఇంకో గడి నడవొచ్చు. "అడిగినోనికే. నోరు లేనోనికి లేదు" అంది. నా మూడు నోటుబుక్కులు తెచ్చి ముందు పరిచాను. కొసరు చేరిస్తే ఏ లెక్కా నిలవదని గంటసేపు మొత్తుకున్నాను. ఆమె ఆ నోటుబుక్కుల మీద ఆకూవక్కా పెట్టుకుని ఆడింది. లంబూ కూడా, "మస్తున్నది యార్" అన్నాడు. (ఆ కొసరుతోనే వాడు గెలిచాడు, ఇక న్యాయం ఎక్కడ కనబడుతుంది?)

సేటు ఆట చూడ్డానికి వచ్చే రోజున, కొసరు మాట ఎత్తనని నాయనమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. సేటు, నేను ఆడాం. తద్దినం భోజనాల దగ్గరలాగా నిశ్శబ్దంగా ఉంది. ఆయన రెండుసార్లు ఆవులించి, "లెక్క మంచిగున్నది బేటా" అన్నాడు. సంబంధం వద్దనుకున్నవాళ్లు 'పిల్ల గుణవంతురాలే' అన్నట్టుగా ఉంది ఆ స్వరం. నా పేరు నా కళ్ల ముందే చెరిగిపోతోంది. అంతలో మజ్జిగ గ్లాసుతో నాయనమ్మ వచ్చింది. "రెండు పడ్డయి గద సేటూ, కొసరు అడగవేంది?" అంది, ఒట్టును ఏ గట్టు మీద పెట్టిందో ఏమో. నలభై ఏళ్లుగా గుడ్డలు కొలిచిన మనిషి ఆయన. ఆ మాట వినగానే నిటారుగా కూర్చున్నాడు. అడిగాడు. నా బదులు ఆమే వేసింది. బోర్లా పడింది. "సరిగ్గ ఎయ్యలే అమ్మా, మల్ల ఎయ్యి." "కొసరుకు కొసరు ఉంటదా ఎక్కడన్న?" ఇక లొల్లి మొదలైంది. పొద్దుగూకేదాకా ఇద్దరూ తగువాడుకుంటూ ఆడారు. బాపు సేటు వెనక చేరి సలహాలు చెప్పాడు. పక్కింటివాళ్లు గోడ మీది నుంచి పంచాయితీ చేశారు. ఒక్క పందెం నువ్వూ ఆడరా అని నన్ను అడిగినవాడు లేడు.

"ఆట ఖాయం" అన్నాడు సేటు లేస్తూ. "గని కొసరు గవ్వ ఎయ్యనీకె కింద ఒక గిన్నె బొమ్మ కావాలె."

"కింద నా పేరుంది సేటుజీ."

"పేరు జర కిందికి జరుపుదాం. ఫికర్ చెయ్యకు."

దీపావళికి వారం ముందు గుడ్డలు వచ్చాయని తెలిసి పరుగెత్తాను. బ్రహ్మాండంగా ఉన్నాయి. గళ్లు, కుక్క, కింద పళ్లెమంత కొసరు గిన్నె. గిన్నె కింద అంచు, అంచుకు ఎర్రదారం కుట్టు. నా పేరు లేదు. అడిగితే సేటు నింపాదిగా ఆ మడత గోటితో విప్పి, లోపలికి తొంగిచూసి, "ఉన్నది బేటా. కుట్టులోపలికి పోయింది. ఎక్కడికి పోలే" అన్నాడు. లోపలుంటే ఎవరు చదువుతారని అడిగాను. "నీకు తెలుసు గద" అన్నాడు. బజారంతా దాన్ని కొసరాట అన్నారు. నాయనమ్మ అయితే, "దాగిన పేరుకు దిష్టి తగలదురా" అని తేల్చేసింది. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఐదోనాడు పొద్దున నా గ్లాసులో పాలు పోసి, ఆగి, ఇంకొంచెం పోసి వెళ్లిపోయింది. నేను అడగలేదు. అడగనివాడికి ఆమె కొసరు పొయ్యడం నేను చూసింది అదొక్కసారే.

మొన్నీమధ్య మా మనవరాలు (లెక్కల్లో దాన్ని మించినవాళ్లు లేరని కాలేజీలో పేరు) పెట్టె అడుగునుంచి సేటు అద్దించిన ఆ గుడ్డ తీసి ఆడదామంది. తిరిగి దొడ్డికి చేరడానికి నాకు మూడు కావాలి. రెండు పడ్డాయి. నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. "కొసరు" అన్నాను.

"కొసరేంది తాతా? పడ్డదే పడ్డది. గట్లైతే ఇది లెక్క ఎట్లయితది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "కొసరు లేనిది ఆటేనా? కొసరు పొయ్యనోని దగ్గర ఎవడు పాలు కొంటడే?" అని అరిచాను. అరిచాక గాని ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టలేదు. మనవరాలు గుడ్డ అంచు సవరిస్తూ, "తాతా, కుట్టు ఊడింది. ఇక్కడ నీ పేరున్నది. నువ్వే రాసుకున్నవా?" అని అడిగింది. చూశాను. సగం బయటపడింది, గుండ్రటి అక్షరాలు, అచ్చం లంబూ రాసినట్టే అద్దినవి. ఆరు నెలల కథా చెబుదామని నోరు తెరిచాను గాని, నాకు మూడో గడి కావాలి.

"ఆ కుట్టు తర్వాత వేద్దువుగాని బిడ్డా, దిష్టి తగలకుండ. ముందు కొసరు గవ్వ ఎయ్యి."

నవ్వి, వేసింది. బోర్లా పడింది. అది సరిగ్గా వెయ్యలేదని ఇప్పటికీ నా వాదన.